రెండు టిక్కులు

మా ఇంటోళ్లు నలుగురు కూడి నాకు అబద్ధమాడిన్రు. బయటోళ్లు మోసం చేస్తె తిడ్తం, దుమ్మెత్తి పోస్తం, నాలుగొద్దులకు మర్చిపోతం. ఇంటోళ్లు చేస్తె ఏం చేస్తం? పొద్దున లేస్తె వాళ్లకే చాయ్ పెట్టియ్యాలె. తడిగుడ్డతోని గొంతు కోసుడు అంటరు చూడుండ్రి, గా మాటకు అర్థం నాకు మా బిడ్డ కారు సీటు కాడ తెలిసింది.

నవ్వకుండ్రి. నేను చెప్పేది నిజంగ కారు సీటు ముచ్చటనే. పసిపిల్లలను కూసోబెట్టి, భుజాల మీదికెళ్లి, నడుం మీదికెళ్లి పట్టీలు తెచ్చి కాళ్ల నడుమ బిగిస్తరు చూడు, గా సీటు. మా దిక్కు కార్లు కొనేటోళ్లు మస్తుగున్నరు గని గీ సీటు కొనేటోళ్లు తక్కువ. కొత్త కారుకు నిమ్మకాయ, మిరపకాయలు మరువకుంట కడ్తరు. అండ్ల కూసున్న పిల్లకు మాత్రం ఏమీ కట్టరు.

నేను భూపాలపల్లిల సర్కారు దవాఖాన నర్సును. మా ఆయన బొగ్గు బాయిల ఫిట్టరు. నాకు మేనబావ. అంటే మా అత్త నాకు పెండ్లితోని అత్త కాలె, పుట్టినప్పటి నుంచి అత్తనే, మా నాయిన తోడబుట్టిన చెల్లె. చిన్నప్పుడు నాకు జడలేసిన చేతులు, జరమొస్తె గంజి తాపిన చేతులు ఆమెయి. మా అమ్మగారిల్లు పాలకుర్తి, అత్తగారిల్లు నెల్లికుదురు, మేముండేది బాయి క్వార్టర్ల. గీ మూడు ఊర్ల నడుమ మా కారు ఎప్పటికీ తిరుగుతనే ఉంటది.

మా తొవ్వల నిండ లారీలే. బొగ్గు లారీలు, ఇసుక లారీలు. వరికోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచుకు రాళ్లు పెడ్తరు. బ్రేకులు ఊకూకె పడ్తయి. దవాఖానకు పిల్లలను ఎత్తుకొని ఉరికొచ్చే తల్లులందరు నాకు ఒకటే మాట చెప్పేటోళ్లు. "ఒళ్లెనే కూసోబెట్టుకున్న మేడం, గట్టిగనే పట్టుకున్న." నేను వాళ్లను ఒక్కనాడు గూడ అనుమానించలె. తల్లి గద, పట్టుకోకుంట ఎట్లుంటది? గని బ్రేకు కొట్టిన గడియల పది కిలోల పిల్ల పది కిలోలు ఉండదు, వడ్ల బస్తా అయితది. వడ్ల బస్తా ముంగటికి దుంకుతుంటె ఏ చేతులు ఆపుతయి? గిది ప్రేమ, పాయిరం ముచ్చట కాదు, బరువు ముచ్చట.

మా బిడ్డ నెలలు నిండకముందే పుట్టింది. గుప్పెడంత పిల్ల. అద్దాల పెట్టెల పెట్టిన్రు. నేను పాలు పిండి పంపుడు, ఏడ్సుడు, గంతే. మా అత్త దవాఖాన వరండాల కూసొని, కొంగు చేతుల పట్టుకొని, పిల్ల బతికి బట్టకడితె మేడారం తల్లులకు ఎత్తు బంగారం ఇస్తనని మొక్కింది. మేడారంల బంగారమంటే బెల్లమే. పిల్ల ఎంత తూగుతదో గంత బెల్లం తూచి తీస్కపోయి తల్లుల గద్దెల కాడ పెట్టాలె. అత్త కండ్లల్ల నీళ్లు చూసి గారోజు నేను ఆమె కాళ్లు పట్టుకున్న. నా బిడ్డ కోసం నాకంటె ముందు మొక్కింది ఆమెనే.

గట్ల దక్కిన పిల్లను ఒళ్లె పెట్టుకొని లారీల నడుమ తిరుగుడు నాతోని కాలె. సీటు కొందామన్న. బావ ఒక్క మాట ఎదురు చెప్పలె. హనుమకొండకు పోయి తెచ్చినం.

తెచ్చిననాడు పెద్ద తమాషా. బాయిల ఇంతింత మిషిన్లు బిగించేటోడు, గీ ప్లాస్టిక్ కుర్సీ ముంగట చెమటలు కక్కిండు. కారు బెల్టును సీటు ముంగటికెళ్లి తెచ్చి కట్టి, "ఏనుగు గుంజినా రాదు" అన్నడు. ఉత్త సీటుతోనే కాలనీల ఒక చక్కరు కొట్టినం. మొదటి మూల మలుపంగనే సీటు పక్కకు వాలి పండుకున్నది. తిరిగొచ్చినంక అది చూసి, మా ఇంటికొచ్చి ఉన్న మా మామ గుమ్మం మీద కూసొని ఒకటే నవ్వుడు. "ఏనుగు దాకెందుకురా, మూల మలుపే గుంజె."

అప్పుడు బుక్కు తెరిచినం. కారు బెల్టును సీటు ఎనుక దానికని ఉన్న సందుల నుంచి తేవాలె. సీటు మీద మోకాలు పెట్టి మనిషి బరువంత ఏసి నొక్కి, అప్పుడు బెల్టు గుంజాలె. బెల్టు పోయే కాడ పట్టుకొని ఊపితె బొటనవేలంత గూడ కదలద్దు. పిల్ల భుజం మీది పట్టీని వేళ్లతోని గిచ్చి చూస్తె మడత రావద్దు, వచ్చిందంటే వదులున్నట్టు. సలికాలమైతె లావు స్వెట్టర్ ఇడిసి కట్టి, మీదికెళ్లి చెద్దరు కప్పాలె. లేకుంటె పట్టీ స్వెట్టర్‌ను పట్టుకుంటది గని పిల్లను పట్టుకోదు. ఇగ ముంగటి సీటుకైతె పిల్లను తేనే వద్దు. గుద్దితె అక్కడ తెరుచుకునే గాలి సంచి పెద్దోళ్లను కాపాడ్తది, పసిపిల్లనైతె ఎగిరి తంతది.

గివన్ని బావ నాకంటె మంచిగ నేర్చుకున్నడు. తోటి పనోళ్లు వస్తె చూపెట్టి మరీ చెప్పేటోడు. నా మొగడు అందరి లెక్క కాదని మస్తు మురిసిపోయిన. ఎందుకు మురవద్దు? మా దవాఖానల ఒక్క సిస్టర్ మొగడన్న గిట్ల మోకాలు పెట్టి నొక్కిండా?

పిల్ల మొదట్ల ఏడ్చింది. వారం పది రోజులు పెడబొబ్బలు. తర్వాత అలవాటైంది. ఛాతీ మీది క్లిప్పు పెడితె ఒక టిక్కు, కాళ్ల నడుమ బకిల్ పెడితె ఇంకో టిక్కు. అది ఇనుకుంట తాను గూడ "తిక్, తిక్" అనేది. రెండు టిక్కులు ఇనవడకపోతె కారు కదలనిచ్చేది కాదు. మాటలు సరిగ రాని పిల్ల, వేలు చూపెట్టి "తిక్" అని అడిగేది. నాకు గంతకంటె ఏం కావాలె?

అత్తకే నచ్చలె. "ఏందే బిడ్డా, దొంగను కట్టేసినట్టు కడ్తిరి పొల్లను? నేను నలుగురిని ఒళ్లె పెట్టుకొనే పెంచిన, ఎవ్వలు కింద పడ్డరు?" అనేది. నేను అనేదాన్ని, "అత్తా, నువ్వు ఎడ్లబండిల పెంచినవ్, ఎద్దుకు బ్రేకుంటదా?" ఆమె మూతి ముడిచేది. మామ నవ్వేటోడు. అంతల ముచ్చట అయిపోయేది. అయిపోయిందనే అనుకున్న.

పిల్లకు రెండేండ్లు దాటినంక మేడారం జాతర వచ్చింది. మొక్కు తీర్సాలె. అత్త, మామ నెల్లికుదురు నుంచి, మా ఆడబిడ్డ మానుకోట నుంచి ముందురోజే దిగిన్రు. బజార్ల బెల్లం దుకాణపాయన పెద్ద తరాజు మీద ఒక దిక్కు పిల్లను కూసోబెట్టి, ఇంకో దిక్కు బెల్లం పెట్టిండు. పిల్ల చప్పట్లు కొట్టుకుంట తూగింది. ఒకప్పుడు గుప్పెడున్న పిల్ల. అత్తకు, నాకు ఇద్దరికీ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ బెల్లాన్ని కొత్త బట్టల మూట గట్టి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టిన్రు. ఇగ దాన్ని కింద పెట్టద్దు, కాళ్లు తాకద్దు, చెప్పులున్న కాడ ఉంచద్దు. డిక్కీల పెట్టద్దు, అక్కడ జాతరకు కోసే కోళ్లున్నయి. గివన్ని అత్త పెట్టిన కట్టుబాట్లు, మా దిక్కు అందరిండ్లల్ల ఉన్నయే.

జాతర పొద్దుననే నాకు నెలసరి వచ్చింది. నేను పోవద్దు. మూటనే గాదు, మూట ఎక్కే కారును గూడ ముట్టద్దన్నది అత్త. ఏడుపొచ్చింది. నా బిడ్డ మొక్కు, నేనే లేను. ఏం చేస్త, గుమ్మం కాడ నిలవడ్డ. పిల్లను సీట్ల కూసోబెట్టే పని బావకు అప్పజెప్పిన.

"బావా, నేను పక్కన ఉండను. ఎవ్వలేమన్నా సీట్ల నుంచి తియ్యద్దు. ఒట్టెయ్యి."

ఆయన పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టిండు. "బిడ్డ మీద ఒట్టు. తియ్య." నేను అడగలె పిల్ల మీద పెట్టమని. తానే పెట్టిండు.

గుమ్మం నుంచి చూసిన. పిల్లను ఎనుక సీట్ల కట్టిండు. రెండు టిక్కులు నా దాక ఇనవడ్డయి. దాని పక్కన ఆడబిడ్డ, ఆమె పక్కన మామ. బంగారం అన్నిట్లకంటె ముంగట పోవాలెనని అత్త ముంగటి సీట్ల కూసొని మూటను ఒళ్లె పెట్టుకున్నది. పిల్ల నాకు టాటా చెప్పింది. బండి మూల తిరిగి పోయింది.

జరసేపయినంక మనసు ఆగక ఫోన్ చేసిన. "పిల్ల సీట్లనే ఉన్నదా?"

"ఉండక ఏడికి పోతది? డాక్టరమ్మ హుకుం గద," అన్నడు బావ. ఎనుకనుంచి నవ్వులు. "నమ్మవా? ఇగో, ఇను."

ఫోన్ల రెండు టిక్కులు ఇనవడ్డయి. టిక్. టిక్. నేను నవ్విన. "సరే తీ, మంచిగ పోయిరండ్రి," అని ఫోన్ పెట్టేసి డ్యూటీకి పోయిన. గా నవ్వు యాదికొస్తె ఇప్పటికీ నా మీద నాకే జాలైతది.

సాయంత్రం వచ్చిన్రు. పిల్ల అత్త భుజం మీద పండుకొని ఉన్నది. గదుమ కింద తెల్లటి పట్టీ. పట్టీ లేపి చూసిన. రెండు కుట్లు.

"వాగుల తానం చేపిస్తుంటె రాయి మీద కాలు జారింది," అన్నడు బావ. "వాగుల రాయి మీద కాలు జారింది బిడ్డా," అన్నది అత్త. ఆడబిడ్డ గదే అన్నది. మామ గదే అన్నడు. జాతర క్యాంపుల డాక్టర్లు కుట్లేసిన్రు, భయం లేదన్నరు, తల్లుల దయ అన్నరు.

నేను నర్సును. పిల్లలు జారిపడ్డప్పుడు ముందుగాల చేతులు ఆనిస్తరు, అరచేతులు గీరుకపోతయి. నా బిడ్డ అరచేతులు తామరాకుల లెక్క నున్నగున్నయి. జరిగిన సంగతి నలుగురు చెప్తె నాలుగు తీర్ల చెప్తరు. వీళ్లు నలుగురు ఒకటే మాట, ఒక్క అక్షరం తేడా లేకుంట చెప్పిన్రు. దవాఖానల వేరే ఎవలన్న గిట్ల చెప్తె నిలవెట్టి అడిగేదాన్ని. మా అత్తను ఎట్ల అడుగుత? నాకు గంజి తాపిన మనిషి. పైగ ఆమెనే ఏడుస్తుంటె నేనే నీళ్లిచ్చి, "పోనియ్యత్తా, పిల్లలన్నంక పడ్తరు," అని సముదాయించిన. సూడుండ్రి నా తెలివి.

ఆదివారం నాడు పాలకుర్తి పోదామని బయలెల్లినం. మా అమ్మ పిల్లను చూడాలంటున్నది. వాళ్లందరు ఎప్పుడో ఎల్లిపోయిన్రు, మేము ముగ్గురమే. పిల్లను సీట్ల కూసోబెట్టిన. పట్టీలు భుజాల మీద ఊగులాడుతున్నయి. నేను బిగించి ఉంచిన కాడ లేవు, చివరిదాక ఇడిసిపెట్టి ఉన్నయి. అంత వదులు ఎవలికి కావాలె? రెండేండ్ల పిల్ల ఒక్క వారంల గంత లావైతదా?

గుంజి బిగించిన. ఛాతీ కాడ టిక్కుమన్నది. కాళ్ల నడుమ బకిల్ మాత్రం పడ్తలేదు. నొక్కిన, మళ్ల నొక్కిన. లోపలికి పోతలేదు. వేలు పెడితె జిగటగున్నది. అప్పుడు చూసిన, బకిల్ సందులకు చీమల బారు. సీటు బట్ట మడతల పసుపు మరకలు. వేలు వాసన చూసిన. బెల్లం.

"బావా, గిదేంది?"

ఆయన కారు అద్దం తుడుస్తున్నడు. నా దిక్కు చూడకుంటనే, "ప్రసాదం ఒలికిందేమో," అన్నడు.

పిల్ల నా మొకంలకు చూసింది. అబద్ధమాడాలని దానికి ఎరుక లేదు. "బెల్లం కూసుంది," అన్నది.

"ఏడ కూసున్నది బిడ్డా?"

సీటు మీద చెయ్యి కొట్టి చూపెట్టింది. "ఈల్ల కూసుంది. బెల్లానికి తిక్, తిక్. నేను అవ్వ ఒళ్లె." ఇగ ముంగటి సీటు దిక్కు వేలు పెట్టింది. "లారీ వచ్చె. దబ్." తన గదుమ పట్టుకున్నది. "అబ్బా."

కారు తలుపు పట్టుకున్న. అట్లనే నిలవడి అడిగిన, "మరి నేను ఫోన్ చేసిననాడు టిక్ టిక్ అని ఇనవడె గద బిడ్డా?"

పిల్ల నవ్వింది. దానికి అదొక ఆట. నాలుక అంగిటికి ఆనిచ్చి కొట్టింది. టిక్. టిక్. అచ్చం బకిల్ సప్పుడే. "బాపు అనుమన్నడు," అన్నది.

బావ చేతిల గుడ్డ అట్లనే ఉన్నది. అరికాలి మంట నెత్తికెక్కుడంటే ఏందో నాకు గప్పుడు తెలిసింది. వాడకట్టంత ఇంటున్నదన్న సోయి గూడ లేకుంట ఒర్లిన. "చెప్పు, ఇప్పుడన్న నిజం చెప్పు," అన్న.

చెప్పిండు. కాలనీ దాటంగనే అత్తకు మోకాళ్లు గుంజినయట. మూట బరువు మొయ్యలేకపోయిందట. కింద పెట్టద్దాయె, డిక్కీల పెట్టద్దాయె. కారుల శుభ్రంగ, ఎత్తుగ, ఎవ్వల కాళ్లు తాకకుంట ఉన్నది ఒక్క పిల్ల సీటే. పిల్ల గూడ అవ్వ కాడికి పోతనని చేతులు చాపిందట. పిల్లను తీసి అత్త ఒళ్లె ఇచ్చి, బెల్లాన్ని సీట్ల పెట్టి కట్టిన్రట. అడవి తొవ్వల ముంగటి లారీ ఒక్కసారి ఆగితె బ్రేకు కొట్టిండట. అత్త గట్టిగనే పట్టుకున్నదట. పిల్ల ముంగటికి పోయి గదుమ డ్యాష్‌బోర్డుకు తాకిందట.

గట్టిగనే పట్టుకున్నదట. దవాఖానల ఇన్ని రోజులు వేరేటోళ్ల నోటెంట ఇన్న మాట, నా ఇంట్లకు వచ్చి కూసున్నది.

"బెల్లమేమైంది?" అని అడిగిన.

"బెల్లమా?"

"బ్రేకేసినప్పుడు సీట్ల ఉన్నది గద. పలిగిందా? పడ్డదా?"

ఆయన తల కిందికేసుకున్నడు. "లే. కదలలె."

"మంచిగ బిగించినవన్నట్టు."

ఆయన చేతిల గుడ్డను మడత పెట్టిండు.

"బాయిల టోపీ లేకుంట దిగుతవా బావా?"

"దిగనియ్యరు."

"నిన్ను దిగనియ్యరు. నా బిడ్డను మాత్రం నువ్వు దిగనిచ్చినవ్. తెలువనోడు చేస్తె తెలువదనుకుంట. పదిమందికి చూపెట్టి నేర్పినోడివి నువ్వు. దాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసినోడివి నువ్వు. కంచె చేను మేస్తె ఇగ కావలి ఎవల్ని పెట్టాలె?"

"రెండు కుట్లే గదనే," అన్నడు మెల్లగ. "నువ్వు పరేషాన్ అయితవని చెప్పలె. అమ్మనే చెప్పద్దన్నది."

గా "రెండు కుట్లే" అన్న మాట నాకు ఇప్పటికీ మానలె. పిల్ల గదుమ మానింది.

అత్తకు ఫోన్ చేసిన. ఎత్తంగనే ఆమెకు తెలిసింది నా గొంతును బట్టి. మొదలు ఏడ్చింది. తర్వాత ఎదురు తిరిగింది. "నా మనుమరాలి మీద నాకు లేదా పాయిరం? పేగు తెంచుకోకపోతేంది, పానం పెట్టి మొక్కిన దాన్ని. నా చేతులల్ల పెరిగినవ్ నువ్వు, నా చేతులనే నమ్మవా?"

"నీ చేతులను నమ్మిన అత్తా," అన్న. "నీ చేతులు ఏం చేస్తయి, బరువు ఆపలేదు. నేను ఏడుస్తున్నది నీ నోటికి. నా బిడ్డకు దెబ్బ తగిలిచ్చుకొని వచ్చి, వాగుల జారిందని నాకే చెప్పి, నాతోనే నీళ్లు తాగినవ్. గదెట్ల చెయ్యబుద్ధయింది?"

మామ ఫోన్ తీస్కొని, "పోనీ బిడ్డా, అయ్యిందేదో అయ్యింది," అన్నడు. పెద్దోళ్లకు మంచిగుంటది గా మాట. వాళ్లు తప్పు చేస్తె అయ్యిందేదో అయితది. మనం అడిగితె లొల్లి అయితది.

గారోజు పాలకుర్తి పోలె. సీటు ఇప్పి వాకిట్ల ఏసిన. బట్ట ఊడదీసి ఉతికిన. బకిల్‌ను గోరువెచ్చని నీళ్లల్ల ముంచి, లోపలి బెల్లం కరిగిందాక ఊపిన. నీళ్లు ఎర్రగ ఒచ్చినయి, చీమలు తేలినయి. బావ దగ్గరికొచ్చి, "నేను కడుగుత తే," అన్నడు. ఇయ్యలె. ఎండల ఆరవెట్టి, మళ్ల కారుల నేనే పెట్టిన. నేనే మోకాలేసి నొక్కిన. నా బరువు ఆయన బరువంత ఉండదు, రెండు సార్లు గుంజాల్సొచ్చింది. ఆయన పక్కన నిలవడి చూసిండు. గప్పటి నుంచి గా పని నాదే. ఊరికి పోయినా, పక్క బజారుకు పోయినా. నేను లేకుంట పిల్ల కారెక్కదు. జనం అంటరు, గింత పట్టుదల ఎందుకమ్మా అని. పట్టుదల కాదు. నమ్మకం ఉన్ననాడు పట్టుదల అక్కెర లేకుండె.

సంసారం నడుస్తనే ఉన్నది. నడవక ఏమైతది? ఆయన మంచోడే. జీతం తెస్తడు, పిల్లకు అన్నం తినిపిస్తడు, నాకు ఒంట్ల మంచిగ లేకుంటె గిన్నెలు తోముతడు. గని ఆయన ఏదన్న చెప్తె, మునుపు సీదా చెవులకు వచ్చి కూసునేది మాట. ఇప్పుడు గుమ్మం కాడ ఆగుతది. బాయిల ఓవర్‌టైం ఉన్నదన్నా, గ్యాస్ బంద్ చేసిన అన్నా, ఒకసారి లేచి చూసుకుంట. ఆయనకు అది ఎరుకే. ఏమీ అనడు. ఆయన అనకపోవుడు నాకు ఇంకింత బాధ.

మొన్న మళ్ల జాతర వచ్చింది. ఈసారి అత్త తన మోకాళ్ల కోసం మొక్కుకున్నదట, చిన్న మూట బెల్లం. నేను ఈసారి గుమ్మం కాడ ఆగలె, పోయిన. పిల్లకు నాలుగేండ్లు దాటినయి, పట్టీలను పై రంధ్రాలకు మార్చిన. ఇప్పుడు అది తన క్లిప్పులు తానే పెట్టుకుంటది. నేను దాని పక్కన కూసున్న. మామ నా పక్కన. అత్త మూట పట్టుకొని కారు తలుపు కాడ నిలవడ్డది. అటు చూసింది, ఇటు చూసింది.

"బంగారం ఏడ పెట్టాలె బిడ్డా?"

"నీ ఒళ్లె పెట్టుకో అత్తా," అన్న.

"అమ్మో, ఒళ్లెనా?" అన్నది అత్త. "బ్రేకేస్తె జారి పడ్తది గద."

అన్నంక ఆమె ఆగింది. ఏమన్నదో ఆమెకే ఇనవడ్డది. మామ కిటికీ దిక్కు తిరిగిండు. బావ స్టీరింగ్ మీద చేతులు పెట్టి ముంగటికే చూస్తున్నడు. నేను అనేటిది ఏమున్నది? ఆమెనే అన్నది గద.

అత్త మెల్లగ ఎక్కి, మూట ఒళ్లె పెట్టుకొని, తన బెల్టు తాను గుంజి పెట్టుకున్నది. ఆమె బెల్టు పెట్టుకోంగ నేను చూసుడు గదే మొదలు.

"అయ్యిందా?" అన్నడు బావ. "పోదమా?"

పక్కనుంచి రెండు టిక్కులు ఇనవడ్డయి. నా తల అప్పటికే అటు తిరిగింది. పిల్ల నా దిక్కు చూసింది. నవ్వలె.

"నిజం టిక్కే అమ్మా," అన్నది. "నోటితోని కాదు."

నాలుగేండ్ల పిల్ల తన తల్లికి సాక్ష్యం చెప్తున్నది. నేను దాని నెత్తి నిమిరిన. "నాకెరుక బిడ్డా," అన్న.

అని, చెయ్యి చాపి పట్టీ గుంజి చూసిన. ముంగటి అద్దంల నుంచి బావ నన్ను చూసి, కండ్లు దించుకొని, బండి తీసిండు.